రామలింగప్ప చెవి, చౌడమ్మ కాలు

కారు బానెట్ ఎత్తగానే ఎవరైనా లోపలికి తొంగి చూస్తారు. రామలింగప్ప చూడలేదు. తల పక్కకు తిప్పి, కుడి చెవి ఇంజన్ వైపు పెట్టి, కళ్ళు మూసుకున్నాడు.

"రోంత రేస్ చెయ్యప్పా," అన్నాడు. చేశాను. "చాలు, ఆపు."

ఎమ్మిగనూరులో ఆదోని రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు అది. బోర్డు లేదు. ఆర్టీసీ డిపోలో ముప్పై ఏడేళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి, ఊరికే కూర్చోలేక పెట్టుకున్నది. నేను అదే ఊళ్ళో ఇంటర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. పేరు అవినాష్. నాకున్న ఒకే ఒక పిచ్చి కారు. కొన్న ఏడాదిలోపే వీడియోలు చూసి దానికి వెడల్పు టైర్లు వేయించాను, గట్టిగా అరిచే సైలెన్సర్ పెట్టించాను, కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసేసి శంకువు ఆకారంలో ఉండే ఎర్రటి స్పోర్ట్స్ ఫిల్టర్ బిగించాను. ఇన్ని చేశాక బండి ఎగరాలి కదా. అది ఎత్తు ఎక్కడానికి ఆయాసపడుతోంది. ఎండలో వేడి ముల్లు పైకి పోతోంది.

రామలింగప్ప ఆ ఎర్ర ఫిల్టర్‌ను ఊడబీకి అరచేతిలో తట్టాడు. నల్లరేగడి దుమ్ము రాలింది. దాని వెనకే పత్తి నూగు, ఉండలు ఉండలుగా. అది డిసెంబరు నెల. ఆదోని మార్కెట్టుకు పోయే పత్తి లారీల వెంట రోడ్డంతా తెల్లటి నూగు ఎగురుతుంటుంది.

"ఇది గాలి పీలుస్తాండాదా, పరుపు కుట్టుకుంటాండాదా?" అన్నాడు.

"స్పోర్ట్స్ ఫిల్టర్ మామా. గాలి ఎక్కువ తీసుకుంటాదని..."

"ఎక్కువ గాలి కాదప్పా. సల్లటి గాలి కావాల, శుభ్రమైన గాలి కావాల. నువ్వు దీన్ని ఇంజన్ పక్కనే తెరిచి పెట్టినావు. ఇంజన్ కక్కిన వేడినే మల్ల దానికి తినిపిస్తాండావు. పాత డబ్బా ఉండాదా, పారేసినావా?"

ఇంట్లో అటక మీద ఉంది. తెచ్చాను. ఆయన దాన్ని బిగించి, ముందు జాలీ దగ్గరినుంచి చల్లగాలి లోపలికి వచ్చేలా ఒక గొట్టం అమర్చాడు. రేడియేటర్ ముందు అతుక్కున్న నూగును నీళ్ళ పైపుతో లోపలినుంచి బయటికి కడిగాడు. "బయటనుంచి కొడితే ఇంకా లోపలికి పోయి కూర్చుంటాది" అని చెప్పి మరీ చేశాడు. మర్నాడు కాలేజీకి పోతుంటే కారు కొన్న కొత్తలో లాగినట్టు లాగింది. ఆ ఆదివారం నుంచి నాకు ఆ షెడ్డు అలవాటైపోయింది.

రామలింగప్పది నేతగాళ్ళ ఇల్లు. ఆరేళ్ళప్పుడు నాయన మగ్గం పక్కన కూర్చుని ఆడుకుంటుంటే నూలుతో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఎగిరి ఎడమ కంటికి తగిలింది. కన్ను పోలేదు గానీ చూపు మసకబారింది. పెద్దయ్యాక ఆయనకు బస్సు డ్రైవరు కావాలని ఆశ. మంత్రాలయం పోయే బస్సులో డ్రైవరు వెనక సీటు కోసం రెండు బస్సులు వదిలేసి కూర్చునేవాడట. ఉద్యోగాల పరీక్షకు పోయాడు. ఇనుప దిమ్మెలు ఎత్తమంటే ఎత్తాడు, పరిగెత్తమంటే పరిగెత్తాడు. కంటి పరీక్ష గదిలోకి పోయి రెండు నిమిషాల్లో బయటికొచ్చాడు.

"గ్యారేజీలో ఖాళీ ఉండాది, చేస్తావా అన్నారు. బస్సు పక్కన ఉంటే సాలులే అనుకొని చేరినా," అని చెప్పాడు నాతో. బాధగా చెప్పలేదు.

డిపోలో ఆయనకు ఒక పేరుండేది. ఏ బస్సులో ఏదో చప్పుడు వస్తోందని, ఎక్కడినుంచో తెలియడం లేదని డ్రైవరు చెబితే, ఈయన ఆ బస్సు వెనక సీట్లో కూర్చుని నాలుగు కిలోమీటర్లు పోయి వచ్చేవాడు. దిగగానే సుద్దముక్కతో ఒక చోట గీత గీసేవాడు. అక్కడ విప్పితే చాలు. కన్ను చేయాల్సిన పనిలో సగం చెవికి అప్పగించిన మనిషి.

రిటైరైన ఏడాది ఆదోనిలో ఒక పెద్ద డాక్టరుగారి షెడ్డులో తొంభై తొమ్మిది నాటి ఎస్టీమ్ కారు కనబడింది ఆయనకు. ఐదేళ్ళుగా కదలకుండా పడి ఉంది. వైర్లు ఎలుకలు కొట్టేశాయి. సీటులో పిల్లి ఈనింది. దాన్ని ట్రాలీ మీద ఎమ్మిగనూరు తెచ్చుకున్నాడు. తన చేతులతో కట్టుకున్న బండిని తానే తోలాలని ఆయన ఆశ. సొంత కారుకు లైసెన్సు ఎప్పుడో తీసుకుని జేబులో పెట్టుకునే ఉన్నాడు.

ఎనిమిది నెలలు చేశాడు. ఇంజన్ దించి ముక్క ముక్క విప్పి కడిగాడు. వాల్వులను చేత్తోనే మెల్లగా రుద్ది కూర్చోబెట్టాడు. హెడ్డులో గాలి పోయే దారుల్ని సన్న గరుకు కాగితంతో గాజు గొట్టంలా నున్నగా చేశాడు. నేను ఉత్సాహం పట్టలేక, "మామా, దీన్ని ఎంత స్పీడుకు తెస్తావు?" అని అడిగేవాడిని. ఆయన మాత్రం ఇంజన్ పక్కన పెట్టి బ్రేకుల పని పట్టుకున్నాడు. కొత్త డిస్కులు, మంచి ప్యాడ్లు, కొత్త బ్రేక్ ఆయిల్. తర్వాత అరిగిపోయిన రబ్బరు బుష్‌లన్నీ మార్చాడు. షాకబ్జర్లు కొంచెం గట్టివి వేశాడు. టైర్లు ఒక్క సైజు మాత్రమే వెడల్పు చేశాడు.

"ఇంకా పెద్దవి వేస్తే బాగుంటాది కదా మామా?"

"చూసేదానికి బాగుంటాది. బండి పట్టు ఉండేది టైరు రోడ్డుకు ఆనే చోట, నీ కంటికి ఆనే చోట కాదు. పెద్ద చక్రం తిప్పేదానికే ఇంజన్ సగం అలిసిపోతాది."

బండి నడిచే స్థితికి వచ్చాక ఒక చిక్కు వచ్చింది. ముందు భాగంలో ఎక్కడో సన్నగా చప్పుడు. అది వినాలంటే ఆయన వెనక సీట్లో కూర్చోవాలి, ఇంకెవరో తోలాలి. ఆ ఇంకెవరో నేను. తుంగభద్ర నీళ్ళు తెచ్చే ఎల్లెల్సీ కాలువ గట్టు పక్క రోడ్డులో రెండు ఆదివారాలు తోలాను. మూడో ఆదివారం ఆయనకు ఓపిక చచ్చిపోయింది.

"నలభైలో పొమ్మంటే నలభైలో పోవాలప్పా! నువ్వు ముప్పైకి ఇడుస్తావు, యాభైకి తొక్కుతావు. చప్పుడు నిలబడితే కదా నేను పట్టుకునేది?"

ఇంటికి వచ్చి మజ్జిగ తాగుతూ ఈ మాటే భార్యతో చెప్పి గునిశాడు. ఆమె పేరు చౌడమ్మ. కోడుమూరు నుంచి కోడలిగా వచ్చి ముప్పై ఏళ్ళు గుంట మగ్గం నేసింది. చేనేత సొసైటీ నుంచి నూలు రావడం తగ్గాక మగ్గం తీసేసి, ఆ గుంటను సిమెంటుతో పూడ్చేశారు. అప్పటినుంచి ఆమెకు చేతులు ఊరికే ఉంటే తోచదు. పొయ్యి దగ్గర పని అయిపోయాక వడ్లగింజ దొరికితే దాన్ని కూడా ఒలుస్తుంది.

"నాకు నేర్పియ్యి, నేను తోలతా," అంది ఆమె.

రామలింగప్ప నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"నలభైలో పో అంటే నలభైలో పోతా. దాంట్లో ఏముండాది?"

ఆమెకు అప్పుడు యాభై ఏడేళ్ళు. బనవాసి ఫారం వైపు పోయే రోడ్డులో నేర్చుకుంది. నేనూ ఒకరోజు వెళ్ళి చూశాను. మొదటి వారం గేరు వేసినప్పుడల్లా కారు కప్పలా దూకింది. రెండో వారానికి దూకడం మానేసింది. మగ్గం గుంటలో కాళ్ళతో పలకలు తొక్కుతూ, పైన చేతులతో ఇంకో పని చేసిన మనిషి. క్లచ్చు ఒక కాలు, యాక్సిలరేటర్ ఇంకో కాలు అంటే ఆమెకు వింతేమీ కాలేదు. వింతల్లా కారు ముందు భాగం కనపడకపోవడమే. పొట్టి మనిషి. ఆమే పాత దుప్పటి నాలుగు మడతలు వేసి, పత్తి కూరి, ఒక దిండు కుట్టుకుంది. దాని మీద కూర్చుంటే స్టీరింగ్ పైనుంచి రోడ్డు కనబడింది.

ఒకసారి నలభైకి వస్తే ముల్లు కదిలేది కాదు. గతుకు వచ్చినా, మలుపు వచ్చినా, ఎదురుగా ట్రాక్టరు వచ్చినా తగ్గాల్సినంతే తగ్గి మళ్ళీ అదే గీత మీదికి వచ్చి నిలబడేది. వెనక సీట్లో రామలింగప్ప కళ్ళు మూసుకుని విన్నాడు. మూడో రోజు "ఆపు" అన్నాడు. దిగి ముందు కుడి చక్రం దగ్గర సుద్దగీత గీశాడు. స్టీరింగ్ రాడ్డు చివర కీలు అరిగింది. అదే.

లైసెన్సు రెండోసారికి వచ్చింది ఆమెకు. మొదటిసారి మలుపులో సిగ్నల్ వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదమ్మా అంటే, "ఎనక ఎవురూ లేరు కదా సారూ, ఎవురికని ఎయ్యాల?" అందట. ఇన్‌స్పెక్టరు నవ్వాపుకుని, నెల తర్వాత రమ్మన్నాడట.

మరుసటి ఏడాది కర్నూలులో రంగస్వామి అనే కారు విడిభాగాల వ్యాపారి, తనలాంటి కార్ల పిచ్చివాళ్ళను కూడగట్టి ఒక ర్యాలీ పెట్టాడు. కర్నూలు నుంచి గండికోట వరకు. ర్యాలీ అనగానే వేగం అనుకుంటారు. ఇది అది కాదు. దారిలో ఈ ముక్క సగటున నలభై రెండులో పోవాలి, ఆ ముక్క ముప్పై ఆరులో పోవాలి అని కాగితం ఇస్తారు. మధ్యలో ఎక్కడెక్కడో గడియారాలతో మనుషులు దాక్కుని ఉంటారు. వాళ్ళ ముందుకు సరిగ్గా ఏ సెకనుకు రావాలో ఆ సెకనుకు రావాలి. ఒక్క సెకను ముందైనా, వెనకైనా ఒక తప్పు మార్కు. అందరికంటే తక్కువ తప్పులున్న బండి గెలిచినట్టు. తోలేవాడు ఒకడు, పక్కన కూర్చుని లెక్కలు చూసేవాడు ఒకడు.

లెక్కల మాస్టరుకు ఇంకేం కావాలి. రామలింగప్పకు చెప్పాను. ఆయన ముఖం వెలిగింది. ఫారంలో డ్రైవరు: రామలింగప్ప. లెక్కలు: అవినాష్.

ముందు మీటరు సరిచూసుకున్నాం. టైరు సైజు మార్చాం కాబట్టి కారు మీటరు చూపించే దూరం, రోడ్డు దూరం ఒకటి కావు. కర్నూలు రోడ్డులో కిలోమీటరు రాళ్ళ వెంట పది కిలోమీటర్లు పోతే మీటరు దానికంటే కొంచెం తక్కువ చూపించింది. ఆ తేడా నా లెక్కల్లో కలుపుకున్నాను. తర్వాత అసలు సాధన. కాలువ గట్టు పక్క రోడ్డు. రామలింగప్ప స్టీరింగ్ ముందు, నేను పక్కన, చౌడమ్మ వెనక.

ఆయన తోలలేకపోయాడు. ఈ మాట రాయడం నాకు కష్టంగా ఉంది గానీ జరిగింది అదే. ప్రతి చప్పుడుకూ కాలు ఎత్తేవాడు. గతుకులో ఏదో కిర్రుమంటే ముల్లు నలభై నుంచి ఇరవై ఐదుకు పడిపోయేది. "ఇనపడిందా? ఇనపడిందా?" అని అడిగేవాడు. నాకు వినపడేది కాదు. ఇరవై కిలోమీటర్లలో ఐదు సార్లు దిగి చక్రాలు తట్టి చూశాడు. అది కూడా సర్దుకునేదేమో. కానీ ఒక ఇరుకు కల్వర్టు దగ్గర ఎదురుగా ఎద్దులబండి వస్తే, ఎడమ పక్క ఎంత చోటుందో అంచనా తప్పింది. పక్క గోడ రాయి కారు ఎడమ తలుపు పొడుగునా గీసుకుంటూ పోయింది.

దిగి చూశాడు. ఎనిమిది నెలలు తానే పుట్టీ పెట్టి, తానే రంగు కొట్టిన తలుపు. వేలితో ఆ గీతను ఈ చివరనుంచి ఆ చివర దాకా తడిమాడు. తర్వాత కాలువ గట్టు మీదికి పోయి కూర్చున్నాడు. నేను పోబోతే చౌడమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె కూడా పోలేదు. మేమిద్దరం కారు దగ్గరే నిలబడ్డాం. కాలువలో నీళ్ళు పోతున్నాయి. ఒకాయన బర్రెలు కడుక్కుంటున్నాడు.

చాలాసేపటికి ఆయనే వచ్చాడు. తాళాలు చౌడమ్మ చేతిలో పెట్టాడు.

"ఎడమ పక్క నాకు రాయి కనపడలేదు. ఇట్లనే మనిషి ఉంటే కూడా కనపడడు," అన్నాడు. "నువ్వు తోలు."

"నీకు తోలాలని ఉండాది కదా."

"ఉండాది. ఉంటే ఏమి? ఎక్కు."

ఆమె దిండు సర్దుకుని ఎక్కింది. ఆయన వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు. దారి పొడుగునా ఒక్క మాటా మాట్లాడలేదు. ఎమ్మిగనూరు ఊళ్ళోకి వచ్చాక మాత్రం, "మూడో గేరు రోంత ముందే ఏస్తాండావు. ఇంజన్ ఏడుస్తాండాది," అన్నాడు.

"సరేలే," అంది ఆమె. నాకు ప్రాణం కుదుటపడింది.

ఫారంలో డ్రైవరు పేరు చౌడమ్మగా మార్పించాం, వెనక సీట్లో మూడో మనిషికి రంగస్వామి ఒప్పుకున్నాడు. ర్యాలీకి ముందురోజు సాయంత్రం కర్నూలులో అన్ని కార్లనూ తనిఖీ చేశారు. ముప్పై దాకా బండ్లు. స్టిక్కర్లు, పెద్ద పెద్ద రెక్కలు, మోగే సైలెన్సర్లు. మా ఎస్టీమ్ వాటి మధ్య పెళ్ళికి వచ్చిన బడిపంతులులా ఉంది. తనిఖీ చేసేవాళ్ళు ముందు ఎడమ చక్రం విప్పి బ్రేక్ ప్యాడ్లు చూపించమన్నారు. రామలింగప్ప జాకీ పెట్టి విప్పి చూపించాడు. వాళ్ళు మెచ్చుకున్నారు. చక్రం తిరిగి పెడుతుండగా పక్క బండి కుర్రాళ్ళు, "పెద్దాయనా, మా ఇంజన్ ఒకసారి ఇంటావా? ఏదో కొట్టుకుంటాండాది," అని పిలిచారు. ఆయన పోయాడు. వాళ్ళ తర్వాత ఇంకొకరు. ఆయన ముందు ఒక చిన్న వరస తయారైంది. అంతమంది తన చెవి కోసం నిలబడటం చూసి ఆయన ముఖంలో వచ్చిన వెలుగు నేను మరిచిపోలేను.

పొద్దున ఏడు గంటలకు బయలుదేరాం. ఓర్వకల్లు రాళ్ళు దాటి, పాణ్యం దాకా ఒక ముక్క. చౌడమ్మ నలభై రెండు మీద ముల్లును మేకు కొట్టినట్టు నిలబెట్టింది. నేను గడియారం, మీటరు చూసి "రెండు సెకన్లు ముందున్నాం అత్తా" అంటే, ఆమె కాలు ఎక్కడ కదిలిందో తెలియకుండానే ఆ రెండూ కరిగిపోయేవి. మొదటి ముక్కలో రెండు చోట్ల గడియారాల వాళ్ళు మా టైము రాసుకున్నారు. రెండింటికీ కలిపి మూడు సెకన్ల తప్పు.

బనగానపల్లె దాటాక రోడ్డుకు రెండు వైపులా నాపరాళ్ళ ఫ్యాక్టరీలు. తెల్లటి రాతిపొడి రోడ్డంతా పరిచినట్టు ఉంటుంది. నాపబండలు నింపుకున్న లారీలు ముందు పాకుతున్నాయి. ఒక్కో లారీని దాటేటప్పుడు ఆ పాత ఇంజన్ ఏం చేయగలదో నాకు తెలిసింది. చౌడమ్మ గేరు తగ్గించి ఒక్క తొక్కు తొక్కితే కారు గట్టిగా ఊపిరి పీల్చుకుని ముందుకు దూకి, లారీ దాటగానే మళ్ళీ నెమ్మదించేది. ఆ నున్నగా రుద్దిన దారుల్లో గాలి పరుగెత్తడం నాక్కూడా వినబడింది. వెనక్కి తిరిగి చూశాను. రామలింగప్ప నవ్వుతాడేమో అనుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. ముఖం బిగుసుకుపోయి ఉంది.

అవుకు దాటి ఎర్రమల ఎత్తు మొదలవుతుండగా అన్నాడు. "ఆపు."

"మామా, ఇప్పుడా? సరిగ్గా టైములో ఉన్నాం. ముందర గడియారం ఉంటాది."

"చౌడీ, పక్కకు ఆపు."

నాకు ఏమీ వినబడలేదు. చౌడమ్మకూ వినబడలేదని తర్వాత చెప్పింది. కానీ ఆమె అద్దంలో ఆయన ముఖం చూసి, సిగ్నల్ వేసి, పక్కకు తీసి ఆపేసింది. వెనకున్న కార్లు ఒక్కొక్కటే మమ్మల్ని దాటి పోతున్నాయి. నేను గడియారం చూసుకుంటూ లోపల్లోపల ఉడికిపోతున్నాను.

రామలింగప్ప దిగి నేరుగా ముందు ఎడమ చక్రం దగ్గరికి పోయాడు. నట్టు మీద వేళ్ళు వేశాడు. అది ఆయన వేళ్ళకే తిరిగింది. రెండోదీ తిరిగింది. మూడోది ఎక్కడో రోడ్డు మీద పడిపోయి ఉంది. నాలుగోది ఒక్కటే కొంచెం పట్టుకుని ఉంది.

నేను తలెత్తి రోడ్డు చూశాను. ముందున్నది ఎత్తు, ఆ తర్వాత దిగుడు, మలుపులు.

ఆయన డిక్కీలోనుంచి స్పానర్ తెచ్చాడు. వెనక చక్రంలోనుంచి ఒక నట్టు తీసి దీనికి వేశాడు. "మూడు నట్లతో వెనక చక్రం పోతాది. ముందరిది పోకూడదు." నాలుగూ గట్టిగా బిగించి, ఒకసారి సరిచూసి, మిగతా మూడు చక్రాలవీ చూశాడు. అవన్నీ గట్టిగానే ఉన్నాయి. లేచి నిలబడి చేతులు గుడ్డకు తుడుచుకుంటూ ఉన్నాడు. తుడుచుకోవడం ఆపలేదు.

"నిన్న నేనే ఇప్పినా. జాకీ దించినాక గట్టిగా బిగించాల. ఎవురో పిలిస్తే పోయినా." గుడ్డ వైపే చూస్తూ అన్నాడు. "ముప్పై ఏడేండ్లు బస్సులకు బిగించినా. ఒక్క నట్టు మర్చిపోలేదు. నా ఇంటిదాన్ని కూర్చోబెట్టిన బండికి మర్చిపోయినా."

చౌడమ్మ దిగి ఆయన చేతిలోని గుడ్డ తీసుకుంది.

"మర్చిపోతే పోయింది. ఇన్నావు కదా. పా, ఎక్కు."

"నేను ఇనకపోయింటే?"

"ఇన్నావు," అంది ఆమె గట్టిగా, ఇక మాట లేదన్నట్టు.

నాలుగు నిమిషాల పైనే పోయింది. అంటే రెండు వందల నలభై తప్పులకు పైన. తొక్కి పోతే ఇందులో సగమైనా పూడుతుందని నేను లెక్క చెప్పాను. "దారి మీద గొర్రెలుంటాయి, మనుషులుంటారు. ఆ ముక్క పోయింది. తర్వాత ముక్క యాడనుంచి మొదలు?" అని అడిగింది చౌడమ్మ.

కొలిమిగుండ్ల నుంచి అని చెప్పాను.

ఆ చివరి ముక్క ఆమె ఎలా తోలిందో నాకు మాటల్లో పెట్టడం రాదు. జమ్మలమడుగు ఊరి రద్దీ, ఇద్దరు ముగ్గురు అడ్డదిడ్డంగా దాటడం, ఒకచోట గొర్రెల మంద నిజంగానే రోడ్డంతా పరుచుకోవడం. అన్నిచోట్లా ఆగింది, తగ్గింది, మళ్ళీ ఆ పోయిన సెకన్లను ఒక్కొక్కటే తెచ్చి కలిపింది. నేను అంకెలు చెబుతూ పోయాను. వెనకనుంచి రామలింగప్ప అప్పుడప్పుడు ఒకే మాట అంటున్నాడు: "బాగుండాది." గండికోట ఎత్తు ఎక్కి, కోట గోడ కనబడే మలుపులో చివరి గడియారం. నా లెక్క ప్రకారం సున్నా. వాళ్ళ లెక్క ప్రకారం కూడా సున్నా.

మధ్యాహ్నం కోట బయట షామియానా కింద ఫలితాలు చెప్పారు. మొత్తం మీద మాది పదమూడో చోటు. కానీ చివరి ముక్కలో మూడు గడియారాలకు కలిపి ఒక్క సెకను తప్పు. ఆ రోజు అన్ని బండ్లలో, అన్ని ముక్కల్లో అంత తక్కువ ఎవరికీ లేదు. రంగస్వామి మైకులో చౌడమ్మను పిలిచాడు. ఆమె కొంగు నడుముకు చెక్కుకుని వచ్చి నిలబడింది.

"అమ్మా, ఇంత బాగా తోలినావు. మధ్యలో నాలుగు నిమిషాలు ఏమైంది? పంచరా?"

నేను గబుక్కున "అవును, పంచర్" అనేశాను. రామలింగప్పను కాపాడుదామని. నిన్న ఆయన ముందు వరసలో నిలబడిన కుర్రాళ్ళంతా అక్కడే ఉన్నారు.

"పంచర్ కాదు సామీ," అన్నాడు రామలింగప్ప వెనకనుంచి. అందరూ తిరిగి చూశారు. "చక్రం నట్లు వదులైనాయి. నిన్న నేనే బిగించలేదు. మీరంతా కూడా మీ చక్రాలు ఒకసారి చూసుకోండి. చక్రం పెట్టినాక ఎవురు పిలిచినా పోవద్దండి."

 తర్వాత ఒక కుర్రాడు లేచి తన కారు దగ్గరికి పోయి స్పానర్ తీశాడు. ఇంకొకడు పోయాడు. చూస్తుండగానే పదిమంది వంగి చక్రాలు తట్టుకుంటున్నారు. ఒకడి దాంట్లో ఒక నట్టు నిజంగానే వదులుగా ఉంది. వాడు దాన్ని ఎత్తి చూపిస్తూ, "పెద్దాయనా!" అని అరిచాడు. రామలింగప్ప నవ్వలేదు గానీ బిగుసుకున్న భుజాలు వదులయ్యాయి.

తర్వాత చౌడమ్మ పెన్నా లోయ చూస్తానంది. అంత దూరం బండి తోలుకొచ్చి చూడకుండా ఎట్ల పోతామంది. ఇద్దరూ కోట లోపలికి నడుచుకుంటూ పోయారు. నేను బండి దగ్గర ఉండిపోయాను. వాళ్ళు గంట తర్వాత వచ్చారు. ఆమె చేతిలో సీతాఫలాలున్నాయి.

ఆ తర్వాత షెడ్డుకు వచ్చే జనం పెరిగారు. బళ్ళారి నుంచి, కర్నూలు నుంచి కార్ల పిచ్చివాళ్ళు వస్తారు. మాకు పవరు పెంచాలి అంటారు. ఆయన ముందు చౌడమ్మను ఎక్కమంటాడు. ఆమె ఆ కారును రెండు ఊళ్ళ దూరం తోలుకుని వస్తుంది, ఆయన వెనక సీట్లో. దిగాక ఇద్దరూ కలిసి ఏం చేయాలో చెబుతారు. ఆయన చప్పుళ్ళ సంగతి చెబుతాడు, ఆమె కాలికి, చేతికి తెలిసిన సంగతి చెబుతుంది. "బ్రేకు ఎడమకు లాగుతాండాది", "క్లచ్చు పైన పట్టుకుంటాండాది" అని. మొదట్లో మగవాళ్ళు ఆమె చెబితే నవ్వేవాళ్ళు. ఇప్పుడు తాళాలు నేరుగా ఆమెకే ఇస్తున్నారు.

ఈ ఏడు రంగస్వామి మళ్ళీ ర్యాలీ పెట్టాడు. ఈసారి మహానంది మీదుగా. ఫారం నింపుదామని షెడ్డుకు పోతే రామలింగప్ప ఒక పాత నోటుబుక్కు ముందేసుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని, కూడికలు చేస్తున్నాడు. నలభై రెండులో పోతే ఒక కిలోమీటరుకు ఎన్ని సెకన్లు అని.

"ఎనభై ఐదు పాయింటు ఏడు," అన్నాను.

"తెలుసు. నాకూ అదే వచ్చింది." ఫారం తీసుకుని లెక్కలు చూసేవాడి పేరు దగ్గర తన పేరు రాసుకున్నాడు. "ఏమనుకోవద్దప్పా. ముందర సీట్లో కూర్చోవాలని ఉండాది."

నేను ఏమనుకుంటాను. నా కారుతో నేనే విడిగా దిగాను. నా తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. అద్దంలో ఎస్టీమ్ కనబడినంతసేపూ అది ఒకే దూరంలో కనబడింది, గీత గీసినట్టు. వాళ్ళకు నాలుగో చోటు వచ్చింది. నాకు పదిహేడు. ఫలితాల బోర్డు ముందు నిలబడి ఉంటే చౌడమ్మ పక్కకు వచ్చింది.

"మలుపుల్లో నువ్వు శానా తొక్కుతాండావు అవినాషూ," అంది మెల్లగా, ఎవరికీ వినబడకుండా. "ఆదివారం బనవాసి రోడ్డుకు రా. నేర్పిస్తా."